లేని సవతితో పోరు

ఆంగ్ల భాషలో లేని మాట యొకటి మన భాషలో ఉన్నది. అది ‘సవతి’ యను మాట. ఒకే పురుషునికి భార్యలైన ఇద్దరు స్త్రీల నడిమి బాంధవ్యమును చెప్పుటకు ఆంగ్లేయులకు నిత్యవ్యవహారమున ఒంటి పదము లేదు. ఏకపత్నీత్వమును శాసనముగా గైకొన్న సంఘమునకు అట్టి పదముతో పని పడలేదు కాబోలు. అయినను 1938 ఆగస్టులో లండను నగరమున వెలువడి, నేటికిని అచ్చగుచునే యున్న ఆంగ్ల నవల యొకటి ఆమూలాగ్రముగ ఈ మాట మీదనే నిలిచియున్నది. ఆ నవల పేరు ‘రెబెకా’. రచయిత్రి డాఫ్నీ డ్యూ మారియే. అందలి సవతి కథారంభమునకు ముందే మరణించినది. పోరు మాత్రము ఆమె మరణించిన పిమ్మటనే మొదలైనది.

ఈ గ్రంథమును ప్రకటించిన విక్టర్ గొలాంజ్ దీనిని ప్రణయకథగా లోకమునకు చూపెను. కొన్నవారిలో పెక్కుమంది అట్లే చదివిరి, నేటికిని చదువుచున్నారు. రచయిత్రికి ఆ వర్ణన రుచింపలేదు. తాను వ్రాసినది అసూయను గూర్చిన పరిశీలన యని ఆమె చెప్పుచు వచ్చెను. ఇద్దరి వాదములలో ఏది నిలుచునో తేల్చుకొనుట న్యాయవాదికి అలవాటైన పని గనుక, ఈ విషయమున రచయిత్రి పక్షమున కొన్ని మాటలు చెప్ప సాహసించుచున్నాను. నేను మొదట ఈ నవలను చదివినది న్యాయశాస్త్ర విద్యార్థిగా, పరీక్షలకు చదువవలసిన రాత్రులలో. అప్పుడు నాకును అది ప్రణయకథగానే తోచినది. ఇరువది యేండ్లు కోర్టులలో సాక్షుల ముఖములు చూచిన పిమ్మట తిరిగి చదువగా, మొదటిసారి నన్ను ఎవరు ఎట్లు లోబరచుకొనిరో తెలిసి కొంత సిగ్గుపడితిని.

కథ తెలియనివారి కొరకు నాలుగు మాటలు. ఇరువదియొక్క యేండ్ల అనాథ బాలిక యొకతె, ధనవంతురాలైన అమెరికా స్త్రీకి జీతముపై తోడుగా నుండి, మాంటీ కార్లోలోని హోటలుకు వచ్చును. అచ్చట మాక్సిమ్ డి వింటర్ అను నలుబది దాటిన భూస్వామి పరిచితుడగును. అతని భార్య రెబెకా ఏడాదికి లోపలనే పడవ మునిగి చనిపోయెనని లోకము చెప్పుకొనుచుండెను. కొలది దినములలో వివాహము జరుగును. సముద్రపుటొడ్డున నున్న మాండర్లీ యను అతని పూర్వుల భవనమునకు ఆ బాలిక యజమానురాలై వచ్చును. ఈమెకు మొదటి పుట నుండి చివరి పుట వరకు పేరు లేదు. చనిపోయినదాని పేరు అట్టమీదనే ఉన్నది. ఉభయపక్షముల బలాబలములను రచయిత్రి ఇట్లు అట్ట తెరువకమునుపే తేల్చివేసెను.

గాథిక్ నవల యనబడు శాఖ ఆంగ్లమున 1764లో హోరెస్ వాల్పోల్ వ్రాసిన ‘ఒట్రాంటో కోట’తో పుట్టినదని విమర్శకులు చెప్పుదురు. పాత కోట, మూసిన గది, పూర్వుల పాపము, రాత్రివేళ అడుగుల చప్పుడు దాని సామగ్రి. 1847లో షార్లెట్ బ్రాంటీ ‘జేన్ అయిర్’లో ఆ మూసిన గదియందు దయ్యమునకు మారుగ, బ్రతికియున్న మొదటి భార్యను, మతి చెడినదానిని, ఉంచెను. డ్యూ మారియే ఆ గది తలుపు తెరచి చూపినది. లోపల ఎవరును లేరు. తల దువ్వుకొను బ్రష్షులు, రాత్రివేళ తొడుగుకొను బట్టలు, పాదరక్షలు మాత్రము నిన్న విడిచిపోయినట్లు అమర్చియున్నవి. ఈ నవలలో దయ్యము లేదు. దయ్యము చేయవలసిన పనులన్నిటిని ఈర్ష్యయే చేయుచున్నది.

ఇక్కడ మాటల వివేకము కొంత అవసరము. అసూయ, ఈర్ష్య, మాత్సర్యము అను మూటిని మనము వాడుకలో ఒకే యర్థమున వాడుచున్నాము. నిఘంటుకారులు మాత్రము అసూయ యనగా పరుల గుణములయందు దోషము నారోపించుట యనియు, ఈర్ష్య యనగా పరుల కలిమిని ఓర్వలేమి యనియు వేరు చేసిరి. ఈ భేదమును చేతబట్టుకొని నవలను చదివినచో ఒక వింత కనబడును. కథలో చాల భాగము వరకు ఈ బాలికకు రెబెకాపై నున్నది అసూయ కానేకాదు. ఆమె రెబెకాలో ఒక్క దోషమును వెదకదు. పైపెచ్చు, తాను ఎన్నడు చూడని స్త్రీకి సకల గుణములను తానే ఆరోపించును. అందము, ధైర్యము, పడవ నడుపు నేర్పు, విందులు నడుపు నిర్వాహకత్వము, అతిథుల మెప్పు, అన్నిటికి మించి భర్త ప్రేమ, సర్వమును రెబెకాదే. ఇది కల్తీ లేని ఈర్ష్య. అసూయ తరువాత, ఒక్క రాత్రిలో, వచ్చును. ఆ రాత్రి సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

న్యాయవాదికి ఈ నవలలో మొట్టమొదట కనబడునది సాక్ష్యము యొక్క స్వరూపము. రెబెకాను ఎరిగినవారు ఆ బాలికతో ఆమెను గూర్చి మాటలాడరు. భర్త ఆమె పేరెత్తడు. ఆడపడుచు బియాట్రిస్ నోరు గలదే కాని ఈ విషయము రాగానే మాట మార్చును. ఎస్టేటు వ్యవహారములు చూచు ఫ్రాంక్ క్రాలీ, గ్రుచ్చి గ్రుచ్చి యడుగగా, అంతటి అందగత్తెను తన జన్మలో చూడలేదని మాత్రము ఒప్పుకొనును. ఇట్లు ప్రత్యక్షసాక్ష్యము దొరకని చోట ఈర్ష్య సందర్భసాక్ష్యమును కూర్చుకొనును. పెండ్లికి ముందే మాక్సిమ్ చదువుకొమ్మని ఇచ్చిన పద్యగ్రంథపు తొలిపుటపై రెబెకా చేవ్రాలు ఉన్నది. అందు ‘ఆర్’ అను మొదటి యక్షరము ఏటవాలుగ నిక్కి, తక్కిన యక్షరములను మరుగుజ్జులను చేయుచున్నది. మాక్సిమ్ పెండ్లి మాట యెత్తిన దినముననే ఈమె ఆ పుటను కోసి, ముక్కలు చేసి, కాల్చివేసెను. మాండర్లీలో ఎవరో తెచ్చియిచ్చిన వానకోటు తొడుగుకొనగా జేబులో చేతిరుమాలు దొరకును. దానిపై అదే యక్షరము, పెదవిరంగు మరక, వాడిన పూల వాసన. కోటు పొడవును, భుజముల వెడల్పును చూచి ఆ స్త్రీ పొడగరి యనియు, సన్ననిదనియు లెక్కగట్టును. వ్రాతబల్ల అరలపై కాగితములకు పెట్టిన గుర్తులు కూడ ఆ చేతివ్రాతయే.

నేర్పరియైన డిటెక్టివు చేయదగిన పని ఇది. చెప్పవలసిన ముఖ్యాంశ మేమనగా, ఈమె చేసిన ఊహలలో వస్తువులకు సంబంధించినవి నిజములు. రెబెకా నిజముగనే అందగత్తె, నిజముగనే పొడగరి, ఆ యిల్లు నిజముగనే ఆమె తీర్చిదిద్దినది. మనస్సునకు సంబంధించిన ఒకే యొక ఊహ, భర్త ఇంకను రెబెకానే ప్రేమించుచున్నాడనునది, అబద్ధము. నూరు నిజములను పేర్చి వాని నుండి ఒక అబద్ధమును పుట్టించుట ఈర్ష్యకు తెలిసిన విద్య. ఒథెల్లోను చెరచిన చేతిరుమాలును నిజమైన చేతిరుమాలే గదా.

మన యిండ్లకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. పెండ్లినాటి బిందెలపైన, గంగాళములపైన, కంచు గిన్నెలపైన పేర్లు చెక్కించు అలవాటు మనకు కలదు. మొదటి భార్య పోయిన యింట అడుగుపెట్టిన స్త్రీ నీరు తోడినను, గంజి వార్చినను ఆ పేరు కంటబడుచునే యుండును. భాగపరిష్కారపు దావాలలో చరాస్తుల పట్టీ చదువునప్పుడు, ‘ఫలానా పేరు గల ఇత్తడి బిందె ఒకటి’ యను పద్దు దగ్గర నా కలము అప్పుడప్పుడు ఆగినది. ఆ బిందెతో నీరు మోసినది ఎవరో పట్టీలో ఉండదు. మన పూర్వులు ఈ బాధ నెరిగినవారే. కొన్ని కులములలో ద్వితీయ వివాహపు వధువు మెడలో మృతురాలి పేర చిన్న బంగారు బిళ్ళను వేయించెడివారు. చచ్చినదానిని ఇంటి నుండి వెడలగొట్టలేమని తెలిసి ఆమెతో రాజీ చేసికొను పద్ధతి యది. మాండర్లీలో అట్టి రాజీ లేదు. మనుష్యులు ఎవరును ఆ పేరెత్తరు, వస్తువులు మరియొక పేరు పలుకవు.

మన కావ్యములలో ఈర్ష్యకు పట్టమహిషి సత్యభామ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లో, శ్రీకృష్ణుడు ఒక్క పువ్వును రుక్మిణికి ఇచ్చెనని వినినంతనే ఆమె అలుక మొదలైనది, పువ్వుకు బదులు స్వర్గము నుండి చెట్టే దిగివచ్చువరకు తీరలేదు. ఆమె ఈర్ష్యకు బయటికి పోవు త్రోవ ఉన్నది. అలుగవచ్చును, నిందింపవచ్చును, మొక్కిన మగని తల తన్నవచ్చును, గెలువవచ్చును. సవతి బ్రతికియున్నది గనుక ఆమెకును తలనొప్పి వచ్చును, వయస్సు వచ్చును, ఏదో యొకనాడు ఆమెయును పొరపాటు చేయును. రెబెకా వయస్సు ఇక పెరుగదు. ఆమె చేయగల పొరపాట్లన్నియు అయిపోయినవి. ఈ బాలికకు అలుగుటకు అలుకపాన్పు లేదు, అడుగుటకు నోరు లేదు. ఉదయపు గదిలో విలువైన పింగాణి బొమ్మ చేయి తగిలి పగిలినప్పుడు, ఆ యింటి యజమానురాలు, ఏదో దొంగిలించిన పనిపిల్లవలె, ముక్కలను సొరుగు వెనుక దాచివేయును. ఆ నేరము కొంచెములో ఒక నౌకరుపై పడి తప్పిపోవును. ఈ చిన్న సంఘటన నాకు భవనదహనము కంటె ఎక్కువగా జ్ఞాపకమున్నది.

ఆ యింటి పెత్తందారు మిసెస్ డాన్వర్స్ అను ప్రౌఢ. రెబెకాను చిన్ననాటి నుండి పెంచినది. ఈమె అబద్ధమాడి ఈ బాలికను చెరచెనని కొందరు వ్రాసిరి గాని అది సరి కాదు. డాన్వర్స్ చేసినది మూసిన గది తెరచి చూపుట. రాత్రి తొడుపులను చేతికిచ్చి తాకించుట. నృత్యోత్సవమునకు ఏ వేషము వేయవలెనో తోచక యున్నదానికి గోడపై నున్న పూర్వికురాలి చిత్రమును చూపి, అట్టి తెల్ల దుస్తులు కుట్టించుకొమ్మనుట. గత సంవత్సరము రెబెకా అదే వేషము వేసెనని చెప్పకుండుటయే ఆమె నేరము. మెట్లు దిగుచున్న భార్యను చూచి మాక్సిమ్ ముఖము పాలిపోయి, పోయి బట్టలు మార్చుకొమ్మని కసరును. మరునాడు కిటికీ యొద్ద నిలిచి, క్రిందికి దూకి చనిపొమ్మని డాన్వర్స్ బోధించును. ఈమె దూకుటకు సిద్ధపడును. రెబెకాను మరువలేనివారు ఆ యింట ఇద్దరు స్త్రీలే. ఒకతె ఆమెను ప్రేమించినది, రెండవది ఆమెను చూచియైనను ఎరుగదు. వీరిరువురకును పగలంతయు అదే ధ్యాస. ఒకరి మనస్సు ఒకరికి తెలియుటలో వింత లేదు.

ఆ క్షణముననే సముద్రము మీద ఓడ యొకటి పొగమంచులో నేల తగిలినట్లు రాకెట్లు పేలును. ఓడ అడుగు చూచుటకు దిగిన మనిషికి రెబెకా పడవ దొరకును. పడవ గదిలో శవమొకటి. ఏడాది దాటిన క్రిందట మాక్సిమ్ తన భార్యదని గుర్తించి పాతిపెట్టించిన దేహము మరి ఎవరిదో. ఆ రాత్రి అతడు రెండవ భార్యతో సర్వము ఒప్పుకొనును. రెబెకా మునిగి చావలేదు. తానే తుపాకితో కాల్చెను. శవమును పడవలోనికి చేర్చి, పలకలకు తూట్లు పొడిచి, సముద్రమున ముంచెను. పెండ్లియైన అయిదవ దినముననే ఆమె తన నిజస్వరూపమును చెప్పినదట. విడాకుల రచ్చ లేకుండ మాండర్లీకి కీర్తి తెచ్చి పెట్టుదును, నా దారిని నన్ను పోనిమ్మని ఒడంబడిక చేసికొన్నదట. కడపట, ఒరుల బిడ్డను నీ వారసునిగ పెంచవలసివచ్చును, కాదని నిరూపించలేవు, అని నవ్వినదట. అప్పుడు కాల్చెను.

ఇరువదియొక్క యేండ్ల భార్య, తన భర్త నరహత్య చేసినవాడని అతని నోటనే వినుచున్నది. ఆమె మనస్సులో ఏమి మెదలవలెను? భయము, జాలి, కనీసము చచ్చినదాని ప్రాణము విలువ. రచయిత్రి ధైర్యము ఇచ్చటనే తెలియుచున్నది. ఆ బాలిక చెవికి హత్యాకథలో ఒక్క వాక్యమే ఎక్కినది: అతడు రెబెకాను ప్రేమింపలేదు. తక్కినదంతయు ఎవరి కథయో వలె ప్రక్క నుండి జరిగిపోయినది. గుండె తేలికయైనది. నెలల తరబడి మోసిన బరువు దిగిపోయినది. మరునాటి యుదయము ఆమె ఏమి చేసినది? వంటయింటి నుండి వచ్చిన పట్టీలో చల్లారిన మిగులు పదార్థములున్నవని త్రిప్పి పంపినది. పరిచారికను గద్దించినది. ఇంతకాలము ఎదుట నిలువజాలక వణికిన డాన్వర్సుకు, ఈ యింట ఇప్పుడు మిసెస్ డి వింటర్ తానేనని తెలియజెప్పినది. ఒక హత్యను విని, దాని మరునాడు ఇల్లాలైనది. మాక్సిమ్ మాత్రము ఆమె ముఖములోని పసితనము ఒక్క దినములో పోయెనని విచారించును. అతడు చేసిన పని ఆ పసితనమును కూడ చంపినదని అతనికి తెలిసినట్లే ఉన్నది. ఆమెకు తెలిసినట్లు లేదు.

అసూయ ఆ రాత్రి పుట్టినది. పూర్వము రెబెకాయందు గుణములనే చూచినది, ఇప్పుడు దోషములను మారు మాటాడక అంగీకరించినది. ఆ దోషములకు సాక్షి ఎవరు? ఆమెను చంపినవాడు. ముద్దాయి తన రక్షణ కొరకు చెప్పు మాటకు స్వతంత్రమైన ఊతము కావలెనని నిన్న గౌను తొడిగిన వకీలైనను ఎరుగును. న్యాయముగా చెప్పవలెనన్న ఊతము కొంత లేకపోలేదు. రెబెకాకు పురుషులన్న వట్టి ఆటయని డాన్వర్సే తరువాత నలుగురి యెదుట గర్వముగ చెప్పును. తీరమున తిరుగు అమాయకుడు బెన్, ఆమె తనను పిచ్చాసుపత్రికి పంపుదునని బెదరించెనని భయపడుచుండును. ఆమె బంధువును ప్రియుడును నైన ఫావెల్ మాటలును ఆ వైపే సాగును. అయినను ఆ అయిదవ దినపు ఒడంబడికకు, ఆ చివరి రాత్రి మాటలకు మాక్సిమ్ తప్ప సాక్షి లేడు. మరియు రెబెకాను ఆమె పక్షమున ఏమి చెప్పెదవని అడుగువారు నవల మొత్తము మీద ఒక్కరును లేరు. డాక్టరు బేకర్ పుస్తకములో దొరికిన సంగతి యొకటే ఆమె పక్షమున నిలిచిన పత్రము: ఆమెకు నయము కాని వ్రణము, కొలది మాసములలో చావు నిశ్చయము, బిడ్డ కలుగుట అసంభవము.

మరణవిచారణ చేసిన కరోనరు కోర్టులో పడవ కట్టినవాడు తూట్ల సంగతి బయటపెట్టును. అయినను తీర్పు ఆత్మహత్య యని వచ్చును. పాఠకుడు హమ్మయ్య యని ఊపిరి వదలును. ఒక్క క్షణము ఆలోచింపుడు. ఇంగ్లండులో 1961 వరకు ఆత్మహత్య నేరముగ నుండెను. అనగా హతురాలిపైననే నేరము మోపి హంతకుని ఇంటికి పంపిన తీర్పు అది. దానికి మనము సంతోషించితిమి. భార్య భర్తను దాచుట శాసనము క్షమించు విషయమే. 1860 నాటి మన దండశాసనములో నేరస్థుని దాచుటను గూర్చిన నిబంధన భార్యాభర్తలకు మినహాయింపు నిచ్చెను. 2024 జూలైలో దాని స్థానమున వచ్చిన సంహితయు ఇచ్చుచున్నది. కాని పాఠకుడు మాక్సిమ్‌కు భార్య కాడు. అతనికి ఏ మినహాయింపు వర్తించును?

రచయిత్రి చేసిన మాయ యంతయు ఇదియే. మొదటి పుట నుండి మనలను ఆ బాలిక కన్నుల వెనుక కూర్చుండబెట్టి, ఆమె ఈర్ష్యను మనకు కూడ అంటించినది. మనమును రెబెకా చేతివ్రాతను చూచి ఉలికిపడితిమి, మనమును ఆమె కంటె చిన్నవారమైతిమి. అందుచేత అతడు ఆమెను ప్రేమింపలేదను మాట విన్నప్పుడు మన గుండె కూడ తేలికయైనది. ఈర్ష్య అంటుకొన్న జ్యూరీ విడుదల చేయని ముద్దాయి లేడు. బొంబాయిలో 1959లో నానావతి కేసున భార్య ప్రియుని కాల్చిన నావికాదళాధికారిని తొమ్మండుగురు జ్యూరీలో ఎనమండుగురు నిర్దోషి యనిరి. హైకోర్టు అంగీకరింపలేదు, 1961లో సుప్రీంకోర్టు శిక్షను స్థిరపరచెను. మాక్సిమ్ నిజము చెప్పి లొంగిపోయియుండినచో అతని దేశపు శాసనము ఏమనియుండునను ప్రశ్న రసవంతమైనదే. 1946లో హోమ్స్ కేసులో ఆ దేశపు ప్రభువుల సభ, వ్యభిచారమును నోటితో ఒప్పుకొన్నంత మాత్రమున అది హత్యానేరమును తగ్గించు ఉద్రేకకారణము కాదని తీర్మానించెను. 1957 శాసనము మాటలను కూడ లెక్కలోనికి తీసికొనవచ్చుననెను. 2009 నాటి శాసనము, 2010 నుండి అమలై, ఆ పాత నియమమును రద్దుచేసి, దాంపత్యద్రోహము ఒక్కటే కారణమైనచో దానిని లెక్కింపరాదనెను. ఈర్ష్య ఎంతవరకు క్షమార్హమో ఆ శాసనకర్తలకు స్థిరముగ తోచలేదనుటకు ఇది చాలును. మరియొక చిక్కు ఉన్నది. మాక్సిమ్ కాల్చినది ఈర్ష్యతో కాదు. భార్య ద్రోహమును సంవత్సరముల తరబడి సహించినాడు. మాండర్లీ పరుల పాలగునన్న మాటను సహింపలేదు. ప్రేమ పోయినప్పుడు కదలని చేయి ఆస్తి పోవుననినప్పుడు కదలినది. ప్రణయనాయకుడని ఇతనిని పిలుచువారు ఈ తారీఖుల క్రమమును ఒకసారి చూచుకొనవలెను.

1940లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ దీనిని చలనచిత్రముగ తీసినప్పుడు, భార్యను చంపినవాడు శిక్ష లేకుండ పోరాదను హాలీవుడ్ నియమావళి అడ్డుతగిలెను. కథనే మార్చిరి. చిత్రములో రెబెకా కాలు తొట్రుపడి పడి తలకు దెబ్బ తగిలి చనిపోవును. ఆ యేటి ఉత్తమ చిత్రముగ ఆస్కారు బహుమతి వచ్చినది. నవలలోని ముల్లు మాత్రము ఊడిపోయినది. భర్త నిర్దోషియైనచో భార్య ఆనందములో తప్పేమున్నది? హిందీలో 1964లో ‘కోహ్రా’ యను పేర ఈ కథ వచ్చెను. మన ‘రోజులు మారాయి’లో 1955లో తొలిసారి తెరమీద కనిపించిన వహీదా రెహమాన్ అందు రెండవ భార్య. హిందీ చిత్రమునందు ఆమెకు ఒక పేరైనను దొరకినది.

రచయిత్రి స్వానుభవమును గూర్చి ఒక మాట. ఆమె 1932లో బ్రౌనింగ్ అను సైనికాధికారిని వివాహమాడెను. అతనికి అంతకుపూర్వము వేరొక యువతితో నిశ్చితార్థము జరిగి తప్పిపోయినది. ఆమె వ్రాసిన జాబులు డ్యూ మారియే కంటబడెననియు, ఆ చేవ్రాలు మనస్సును వదలలేదనియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. భర్త ఉద్యోగరీత్యా 1937లో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉండి, ఎండకు వేగుచు, స్వదేశపు సముద్రతీరమును తలచుకొనుచు ఆమె ఈ నవలను మొదలుపెట్టెను. మొదట వ్రాసినది చింపివేసి, మరల ఒక నోటుబుక్కులో అధ్యాయముల వారీగ కథను గీసికొనెను. అందు భర్త పేరు హెన్రీ. ఆ నోటుబుక్కుకు ఒక కోర్టుచరిత్ర ఉన్నది. ఈ కథ తమదని ఒక అమెరికా రచయిత్రి పక్షమువారు తెచ్చిన వ్యాజ్యములో, 1947లో డ్యూ మారియే సముద్రము దాటిపోయి న్యూయార్కు న్యాయస్థానమున సాక్ష్యమిచ్చెను. నోటుబుక్కును దాఖలు చేసిరి. 1948లో దావా కొట్టివేయబడెను. ఒక భార్య తన గుండెలోని ఈర్ష్యను దించుకొనుటకు వ్రాసికొన్న కాగితములు, అచ్చుహక్కు దావాలో రికార్డుకు ఎక్కినవి. ఈ కథ నీకు ఎక్కడ నుండి వచ్చినదని సాక్షిబోనులో అడిగినప్పుడు చూపుటకు నోటుబుక్కు ఉన్నది. ఆ జాబుల సంగతి నోటుబుక్కులో లేదు. దానిని ఆమె 1981లో అచ్చు వేయించెను.

మాండర్లీకి కొంత పోలిక నిచ్చిన మెనబిలీ యను కార్న్‌వాల్ భవనము కూడ ఆమెది కాదు. నవల సంపాదించిపెట్టిన కీర్తి తరువాత 1943లో కవులుకు తీసికొని, పాడుబడినదానిని బాగుచేయించి, ఇరువదియైదేండ్లకు పైగా కాపురముండి, 1969లో సొంతదారులకు వదలి వెడలిపోయెను.

నవల ముగింపు తొలి అధ్యాయములలోనే చెప్పబడినది. మాండర్లీ కాలిపోయినది. భార్యాభర్తలు పరదేశపు హోటలులో, ఎవరి కంటను పడకుండ, కాలము గడుపుచున్నారు. సవతి లేదు, డాన్వర్స్ లేదు, సవతి తీర్చిన యిల్లు లేదు. భర్త సంపూర్ణముగ తనవాడే. సాయంకాలము స్వదేశపు పత్రికలు వచ్చినప్పుడు ఆమె అతనికి చదివి వినిపించుచుండును. ఒకనాడు అడవి పావురములను గూర్చిన వ్యాసము చదువుచుండగా ఆమెకు మాండర్లీ తోపు కన్నులకు కట్టును. తలయెత్తి చూచును. అతని ముఖము వెలవెలబోయి ఉన్నది. చప్పున పుటలు త్రిప్పి క్రికెట్టు సంగతులున్న చోటు వెదకి, అది చదువ మొదలుపెట్టును. అతనికి అప్పుడు ఏమి జ్ఞాపకము వచ్చెనో ఆమె అడుగలేదు.